అమ్మ పూలు పేర్చే గంట

దసరా దగ్గరపడిందంటే తాండూరులో మా అమ్మ గొంతు మారిపోయేది. ముగ్గురు మేనత్తలూ పిల్లలతో దిగేవారు. పక్క వీధిలో బండల పాలిష్ మిషన్లు. పొద్దున కడిగిన గచ్చు మీద సాయంత్రానికి మళ్లీ దుమ్ము. దుప్పట్లు, బొంతలు, ఏడాదంతా ముట్టని గిన్నెలు సైతం కడిగి ఆరబెట్టాల్సిందే. ముట్టని గిన్నెలు తోమడమెందుకని అడిగి ఒకసారి చీపురు దెబ్బ తిన్నాను. నేనడిగింది న్యాయమేనని ఇప్పటికీ అంటాను.

సద్దుల బతుకమ్మ నాడు మాత్రం అమ్మకు ఒక గంట ఉండేది. పులిహోర, పెరుగన్నం లాంటి సద్దులన్నీ కలిపి, స్నానం చేసి, వెనక అరుగు మీద తాంబాళం ముందేసుకుని కూర్చునేది. తంగేడు, రంగద్దిన గునుగు, బంతి వరసగా పేర్చేది. ఆ గంటసేపు ఎవరూ పలకరించకూడదు. నాన్న చాయ్ అడిగినా వినపడనట్టే ఉండేది. అదంతా భక్తి అనుకునేవాళ్లం.

నాకు పదకొండేళ్లప్పుడు సద్దుల నాడు అమ్మ పొయ్యి దగ్గర నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూశాను. జాలేసింది. ఒక పని తప్పిద్దామని పెద్దత్తను బతిమాలాను. అమ్మ వంటింట్లో ఉండగానే ఇద్దరం బతుకమ్మను పేర్చేశాం. స్నానం చేసి తడి జుట్టుతో బయటికొచ్చిన అమ్మకు గొప్పగా చూపించాను. అమ్మ అరుగు మీద కూలబడింది.

"గిదొక్కటన్న నాకు ఉంచకపోతిరా?" అంది.

కాసేపటికి లేచి అందరికీ చాయ్ పెట్టడానికి వెళ్లింది. సాయం చేసినందుకు ఇదా ఫలితమని నేను అలిగి అన్నం తినలేదు.

ఇప్పుడు వికారాబాదులో నాకూ ఒక ఇల్లు, ఉద్యోగం, పండక్కి పిల్లలతో వచ్చే ఇద్దరు ఆడబిడ్డలు. పోయిన దసరాకు వారం ముందు నుంచే అందరి మీదా కస్సుబుస్సులాడుతున్నాను. మా ఆయన నా అవస్థ చూడలేక, సద్దుల నాడు బజారులో పేర్చి అమ్మే బతుకమ్మను తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఎందుకు పరేషాన్? జర నిమ్మలంగ కూసో" అన్నాడు.

కోపం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అతని మొహం వెలిగిపోతోంది. అలాంటి మొహంతోనే ఒకప్పుడు నేనూ అమ్మ ముందు నిలబడ్డాను.

"సద్దులు మీరు కలుపుండ్రి. పూలు నాకు ఉండనియ్యుండ్రి" అన్నాను.

అతను తువ్వాలు భుజానేసుకుని వంటింట్లోకి నడిచాడు. కొన్న బతుకమ్మను పక్కింటికి పంపాం. ఆరోజు పులిహోర ఉప్పుకషాయం. ఆడబిడ్డలు తమ్ముడి మొహం చూసి మారు మాట్లాడకుండా తిన్నారు.

నేను తాంబాళం ముందు కూర్చున్నాను. మూడు వరసలు పేర్చేసరికి బిగిసిన భుజాలు వాటంతటవే సడలాయి, ఆ వెంటనే ఏడుపొచ్చింది. అమ్మ పోయి నాలుగేళ్లు. పదకొండేళ్లప్పుడు చాకిరీ అంతా ఆమెకే వదిలేసి, ఇష్టంగా చేసుకునే ఒక్క పనినీ లాక్కున్నాను. పైగా మెచ్చుకుంటుందని ఎదురుచూశాను.