పొడి ఏ రంగులో రాలింది

పదిహేనేళ్ళకు పైగా ఒక మాట మోస్తున్నాను. బరువైన మాటేం కాదు, వినడానికి. ఒక రంగు పేరు, అంతే. ఆ రంగు పేరు తప్పు చెప్పాను. తెలిసే చెప్పాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెబుదామని ఎన్నోసార్లు బయల్దేరాను. వీధి చివరిదాకా వెళ్ళి, ఏదో పని గుర్తొచ్చినట్టు నటించి, వెనక్కి వచ్చేశాను. ఎవరి ముందు నటించానో నాకే తెలియదు. వీధిలో ఎవరూ లేరు కూడా.

నాది బందరు. డ్రిల్లు పని. ఫ్యాన్లకీ, గీజర్లకీ, ఏసీ స్టాండ్లకీ గోడల్లో, స్లాబుల్లో హోళ్ళు వేస్తాను. ఇటు గుడివాడ దాకా, అటు అవనిగడ్డ దాకా బండి మీద తిరిగాను. ఇప్పుడు టీ గ్లాసు పట్టుకున్నా నా చేతులు సన్నగా అదురుతుంటాయి. మిషను మానెయ్యమని డాక్టరు గారు చెప్పారు. మానేస్తే అదురు తగ్గుతుందేమో. ఆ మాట తగ్గుతుందా?

నాకు ఈ పని చూపించింది మస్తాన్ మేస్త్రి. ఆయన బందరు ముస్లిం. మేము పెడన దగ్గర పల్లె నుంచి వచ్చిన చర్చి వాళ్ళం. చుట్టరికం ఏమీ లేకపోయినా మొదటి రోజు నుంచీ మావయ్యా అనే పిలిచాను. ఆయన ఇల్లు కట్టాడంటే ఆ ఇంట్లో డ్రిల్లు పని నాదే. వేరేవాణ్ణి పిలుస్తామని ఇంటివాళ్ళు అంటే ఊరుకునేవాడు కాదు. "నా గోడకి మా అబ్బాయే హోలు వెయ్యాలండీ" అనేవాడు.

ఆయనకో అలవాటు ఉండేది. లారీ ఇసుక దిగగానే చిటికెడు నాలుక మీద వేసుకునేవాడు. మాది సముద్రం పక్క ఊరు. ఉప్పు తగిలిన ఇసుక కలిస్తే స్లాబులో చువ్వలు తుప్పు పడతాయి, పెచ్చులు ఊడతాయి. ఏమాత్రం ఉప్పగా అనిపించినా ఉమ్మేసి, లారీని వెనక్కి పంపేవాడు. డ్రైవర్లు ఆయన్ని తిట్టుకునేవారు. ఇసుక కూడా రుచి చూసే మనిషికి వాళ్ళావిడ కూర ఎలా వండుతుందో పాపం అని మేము ఆటపట్టించేవాళ్ళం.

హోలు వేసేటప్పుడు గోడ వంక కాదు, రాలే పొడి వంక చూడమని నేర్పింది కూడా ఆయనే. ఎర్రగా రాలితే ఇటుక. మెత్తటిది, మిషను దెబ్బ కొట్టే హ్యామరు ఆపెయ్యి, ఊరికే తిప్పు చాలు. బూడిద రంగులో సన్నగా, వేడిగా రాలితే మంచి కాంక్రీటు; పెద్ద మిషను పెట్టి హ్యామరు వెయ్యి. పసుపు పచ్చగా, గరగరలాడుతూ, చెమ్మగా రాలితే అది పాడు మాలు, దాని మీద బరువు పెట్టకు. టైలు ఉంటే టైలు దాటేదాకా హ్యామరు జోలికి పోకు. చువ్వ తగిలితే పోట్లాడకు, పక్కకు జరుగు. ఇంతే నా చదువు. ఇంతకు మించి ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నదీ లేదు.

కృత్తివెన్నులో రొయ్యల చెరువులున్న సత్యనారాయణ గారు బందరులో ఇల్లు కట్టించారు. కట్టింది మావయ్యే. రేపు గృహప్రవేశమనగా నన్ను పిలిచారు. హాల్లో ఉయ్యాల బల్ల వెయ్యాలి. స్లాబు పోసేటప్పుడే కొక్కేలు పెట్టించి ఉంటే సరిపోయేది, వాళ్ళకి అప్పుడు ఆ ఆలోచన లేదు. ఇప్పుడు స్లాబుకి కింద నుంచి నాలుగు హోళ్ళు వేసి, నాలుగు ఫాస్టనరు కొక్కేలు బిగించాలి. ఫాస్టనరంటే హోల్లోకి వెళ్ళాక, బిగించేకొద్దీ విచ్చుకుని కాంక్రీటుని పట్టుకునే బోల్టు. హోలు దాని కొలతకి సరిగ్గా ఉంటేనే పట్టు.

మూడు హోళ్ళు చక్కగా పడ్డాయి. బూడిద రంగు పొడి. మెడ ఎత్తి వేస్తుంటే కళ్ళల్లో, నోట్లో పడింది. నాలుగోదానికి చువ్వ తగిలింది. పోట్లాడకూడదు. పోట్లాడాను. మిషనుకి తగిలించిన పన్నెండు ఎంఎం బిట్టు కొన విరిగింది. నా సంచిలో ఇంకో పన్నెండు లేదు, పద్నాలుగు ఉంది. కోనేరు సెంటరుకి వెళ్ళి కొత్త బిట్టు తెచ్చుకుంటే అరగంట పని. హోలు పక్కకు జరిపితే బల్ల వంకరగా వస్తుంది, కింద టైల్సులో వేయించిన పువ్వుకి సరిగ్గా రాదు. మిగతా మూడూ పూడ్చి మళ్ళీ వెయ్యాలి. చుట్టాలు దిగుతున్నారు. సత్యనారాయణ గారు గడియారం చూసుకుంటున్నారు. ఆయన ముందు బిట్టు విరిగిందని చెప్పడం నాకు నామోషీ అనిపించింది.

అప్పుడు ఎందుకు ఆగలేదని ఇప్పుడు కూర్చుని పెద్ద పెద్ద కారణాలు వెతుకుతుంటాను. ఇంట్లో చంటిపిల్ల, కొత్త మిషను, పేరు పోతుందన్న భయం. అన్నీ ఉన్నాయి, కాదనను. కానీ అసలు సంగతి బద్ధకం. నిచ్చెన దిగి, బండి తీసి, అరగంట పోయి రావడానికి బద్ధకం.

పద్నాలుగు బిట్టుతో చువ్వ పక్క నుంచి వేసేశాను. అందులో పన్నెండు ఫాస్టనరు వదులుగా తిరిగింది. తెల్ల సిమెంటు ముద్ద చేసి కూరి, పైకి నున్నగా రాశాను. చూడ్డానికి నాలుగూ ఒకేలా ఉన్నాయి. మా పనిలో ఒక పద్ధతుంది. కొక్కెం బిగించాక డ్రిల్లు వేసినవాడే దాన్ని పట్టుకుని వేలాడి చూపించాలి. అదే మా గ్యారంటీ. నాలుగింటికీ వేలాడి చూపించాను. సత్యనారాయణ గారు నవ్వి, "కోతివయ్యా నువ్వు" అన్నారు.

కొన్ని వారాల తర్వాత ఆ నాలుగో కొక్కెం ఊడింది. ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు బల్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్నారట. ఒక మూల దిగిపోయి, ఆవిడ పక్కకు పడ్డారు. తుంటి ఎముక విరిగింది.

నన్నూ మావయ్యనీ ఇద్దర్నీ పిలిపించారు. హాల్లో బల్ల ఒక పక్కకు వేలాడుతోంది. చిక్కుడుకాయలు ఇంకా సోఫా కింద ఉన్నాయి. సత్యనారాయణ గారు నా వైపు చూడనే లేదు. మా ఊళ్ళో గోడ నుంచి ఏది ఊడినా మొదట వచ్చే మాట ఒకటే.

"ఏవయ్యా మస్తాన్, ఉప్పిసుక కలిపావా నా స్లాబులో?"

మావయ్య కోప్పడలేదు. నిచ్చెన ఎక్కి ఆ హోల్లో చిటికెన వేలు పెట్టి తిప్పాడు. దిగి వచ్చి నా వైపు తిరిగాడు. తన వైపు సాక్షి నేనే అనుకున్నాడు.

"నువ్వు చెప్పరా అబ్బాయ్. ఈ హోలు వేసినప్పుడు పొడి ఏ రంగులో రాలింది?"

నేను కింద టైల్సు పువ్వు వంక చూశాను.

"పసుపు పచ్చగా రాలింది మావయ్యా. ఇసుకలాగా. చెమ్మగా ఉంది."

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నా నోరు జారలేదు. రంగు చెప్పాను, ఇసుక అన్నాను, చెమ్మ కూడా కలిపాను. ఆయన నేర్పిన పాఠాన్నే ఆయన మీదకి అప్పజెప్పాను.

అప్పుడు ఆయన చిటికెన వేలికి బూడిద రంగు పొడి అంటుకుని ఉంది. నేను చూశాను. ఆయనా చూసుకున్నాడు. ఆ వేలు ఎత్తి చూపిస్తే చాలు. చూపించలేదు. భుజం మీద తువ్వాలుకి తుడిచేసుకున్నాడు. "సరేనండీ" అని మాత్రం అని బయటికి నడిచాడు.

మెట్ల మీద నేను వెనకే దిగుతుంటే, తల తిప్పకుండా అన్నాడు: "పన్నెండు బిట్టు విరిగితే పని ఆపాల్రా."

అంతే. మళ్ళీ నాతో మాట్లాడలేదు.

ఆ వేలు ఎందుకు తుడుచుకున్నాడు? ఇన్నేళ్ళూ ఇదే ప్రశ్న. నన్ను కాపాడాడా? మర్నాడు నా అంతట నేనే వెళ్ళి చెబుతానని గడువిచ్చాడా? లేక నా నోటి నుంచి ఆ మాట విన్నాక, ఇక ఈ పనిలో పేరు నిలబెట్టుకుని ఏం లాభం అనిపించిందా? కాపాడాడు అనుకుంటే నాకు హాయిగా ఉంటుంది. అందుకే అలా అనుకోవడానికి నాకు ధైర్యం చాలదు.

చెరువుల వాళ్ళందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఆ రోజుల్లో ఇళ్ళు కట్టించేదీ వాళ్ళే. నోటి మాటగా పాకిపోయింది. ఇసుక రుచి చూసి లారీలు తిప్పి పంపిన మనిషికి ఉప్పిసుక మస్తాన్ అని పేరు పడింది. ఆ పేరు వినబడ్డప్పుడల్లా నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి. ఆయన బందరు వదిలి దివిసీమ వెళ్ళిపోయాడు. నాగాయలంక వైపు ప్రహరీ గోడలకి మరమ్మతులు, పశువుల కొట్టాలకి పునాదులు, అవీ ఇవీ చేసుకున్నాడని విన్నాను. మళ్ళీ స్లాబు పోశాడని మాత్రం ఎవరూ చెప్పలేదు. పోయిన వర్షాకాలంలో పోయాడు. నాకు తెలిసేసరికి అన్నీ అయిపోయాయి. తెలిసి ఉంటే వెళ్ళేవాణ్ణా? ఏమో.

ఈ మధ్య సత్యనారాయణ గారి అబ్బాయి ఫోన్ చేశాడు. హాల్లో కొత్త సీలింగు చేయిస్తున్నాడు, స్లాబుకి హోళ్ళు కావాలి. నేనే ఆ పాత మనిషినని అతనికి తెలియదు. లోపలికి వెళ్ళగానే, "జాగ్రత్త అన్నా, ఇది ఉప్పిసుక స్లాబు. మెల్లగా వెయ్యి" అన్నాడు. నా అబద్ధం ఆ ఇంట్లో ఇంటి పేరులా స్థిరపడిపోయింది.

రాజ్యలక్ష్మి గారు కుర్చీలో ఉన్నారు, పక్కన చేతికర్ర. ఆవిడ గుర్తుపట్టారు. "నువ్వా నాయనా, చిక్కిపోయావేంటి?" అన్నారు. నేను నిచ్చెన ఎక్కాను. హ్యామరు పెట్టాను. ఇన్నేళ్ళ స్లాబు, బిట్టు దిగడానికి మొరాయించింది. బూడిద రంగు పొడి. సన్నగా, వేడిగా, నా ముంజేతి మీద రాలింది. ఎంతో మంచి కాంక్రీటు. మిషను ఆపి, "ఇది చాలా గట్టి స్లాబు బాబూ, ఉప్పిసుక కాదు" అన్నాను.

"మరి అప్పుడు కొక్కెం ఊడిందిగా?" అన్నాడతను, ఫోన్ చూసుకుంటూ.

రాజ్యలక్ష్మి గారు మాత్రం నా వంకే చూస్తున్నారు. చెప్పాల్సిన మాట నాలుక మీదకి వచ్చింది. మిషను బటన్ నొక్కాను. ఆ చప్పుడులో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

అందుకే ఇక్కడ చెబుతున్నాను. పొడి బూడిద రంగులో రాలింది. మస్తాన్ మేస్త్రి ఇసుకలో ఉప్పు లేదు. ఆ స్లాబులో తప్పు లేదు. తప్పు నా హోలుది, నాది. ఆ ఇంటికి వెళ్ళి ఇదే మాట చెప్పాలి. నాగాయలంక వెళ్ళి మావయ్య వాళ్ళ ఇంట్లోనూ చెప్పాలి. వెళతానని మీకు మాటివ్వను. నా మాట విలువెంతో మీకు ఇప్పుడు తెలుసు.

ఇంకొకటి ఉంది. పైన నాలుగు కొక్కేలకీ వేలాడి చూపించానని రాశాను. మీకు కూడా అబద్ధమే చెప్పాను. మూడింటికి నిజంగానే వేలాడాను, కాళ్ళు గాల్లో ఉన్నాయి. నాలుగోదానికి వేలాడినప్పుడు నా కుడికాలి బొటనవేలు నిచ్చెన మెట్టు మీద ఆనించే ఉంది. పంచె అడ్డం ఉంది, ఎవరూ చూడలేదు. నా బరువుకి అది నిలవదని నాకు తెలుసు. ఆవిడ బరువుకి వదిలేశాను.

ఇది నా భార్యకి కూడా తెలియదు. ఇప్పుడు మీకు తెలుసు.