లైసెన్సు లేని ఆరు రోజులు

ఖతార్‌లో ఒక మనిషితో అన్నం తగ్గించమని చెప్పడానికి లైసెన్సు కావాలి. మా భీమవరం వైపు ఈ మాట బస్సులో పక్కసీటాయన కూడా ఉచితంగా చెబుతాడు. ఇక్కడ నాలాంటి డైటీషియన్ చెప్పాలంటే డిగ్రీ కాగితాలకు ముద్రలు వేయించుకోవాలి, పరీక్ష రాయాలి. ఆ తర్వాత కూడా గడువు తీరబోయే ప్రతిసారీ, ఈ మధ్య కొత్తగా ఏదో నేర్చుకున్నానని పాయింట్లతో సహా రుజువు చూపాలి. న్యాయమైన ఏర్పాటే. ఉద్యోగం దొరికాక మనిషి తనంతట తాను చదువుతాడన్న భ్రమ ఈ పద్ధతి పెట్టినవాళ్ళకు లేదు.

పోయినసారి రెన్యువల్‌కు నేను పాయింట్ల సంగతి కాస్త తేలిగ్గా తీసుకున్నాను. దానికో కారణం ఉంది. అల్ వక్రాలో మా గోదావరి జిల్లాల కుటుంబాలు శుక్రవారం ఆరాధనకు కలుస్తాయి. ప్రార్థన అయ్యాక బిర్యానీ ఉంటుంది. అప్పుడప్పుడు ఆ రెంటికీ మధ్య షుగరు వ్యాధి మీద నా ప్రసంగం పెట్టేవారు. జనం శ్రద్ధగా వినేవారు, ముఖ్యంగా చివరి వాక్యం ఎప్పుడొస్తుందా అని. ప్రసంగం అయ్యాక పాస్టరుగారు శాలువా కప్పి, బంగారు అంచున్న సర్టిఫికెట్ ఇచ్చేవారు. వినడానికే పాయింట్లు వస్తుంటే, చెప్పినవాడికి అంతకన్నా ఎక్కువే రావాలని నా వాదన. మూడు సర్టిఫికెట్లూ దరఖాస్తుకు జతచేశాను. శాలువాలు జతచేసే వీలు లేకపోయింది.

దరఖాస్తు తిరిగొచ్చింది. అవి గుర్తింపు పొందిన శిక్షణలు కావని మర్యాదగానే రాశారు.

గడువింకా తొమ్మిది రోజులుంది. డ్యూటీ నుంచి రాగానే లాప్‌టాప్ ముందు కూర్చుని, కిడ్నీ రోగి ఉప్పు గురించీ, నెలలు నిండని పిల్లల పాల గురించీ, రోగితో ఎలా మాట్లాడాలన్న దాని గురించీ వరసగా కోర్సులు పూర్తిచేశాను. చివరిదాంట్లో నాకు నూటికి నూరు వచ్చాయి. పాయింట్లు సరిపోయాయి. కానీ దరఖాస్తు పరిశీలనలో ఉండగానే పాత లైసెన్సు గడువు తీరిపోయింది.

ఐన్ ఖాలిద్‌లో నేను పనిచేసే క్లినిక్ సూపర్‌వైజరు మలయాళీ ఆవిడ. పిలిచి పరిస్థితి వివరించింది. కొత్తది వచ్చేదాకా రోగులను చూడకూడదు, ఆహారపు చార్టు రాయకూడదు, నడవలో ఎదురుపడి అడిగినా సలహా ఇవ్వకూడదు. ఇచ్చానని తెలిస్తే ఈ దేశంలో నా వృత్తి అంతటితో సరి. ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నన్ను పాత ఫైళ్ళ గదిలో కూర్చోబెట్టారు.

నాలుగో రోజు ఆ గదిని వెతుక్కుంటూ ఒకాయన వచ్చాడు. కడప దగ్గర పల్లె, అల్ రయ్యాన్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. ఎనిమిది నెలలుగా నెలకోసారి నా దగ్గరికి వస్తున్నాడు. ఎనిమిది నెలలుగా షుగరు తగ్గడం లేదు, నేను ప్రతినెలా చార్టు ఇంకాస్త కఠినంగా రాస్తున్నాను. అపాయింట్‌మెంటు రద్దయిందని రిసెప్షన్ వాళ్ళు పంపిన మెసేజి ఆయన చూసుకోలేదు.

లైసెన్సు గడువు తీరింది, ఇవాళ ఏమీ చెప్పకూడదన్నాను. ఆయనకు వెంటనే అర్థమైంది.

"మాకూ అంతే సార్. లైసెన్సు లేకుంటే బండి ముట్టుకోకూడదు. నువ్వేం చెప్పొద్దులే, నేనే చెప్తా," అని ఫైళ్ళ పెట్టె మీద కూర్చున్నాడు.

నా చార్టు ప్రకారం ఆయన ఒంటిగంటకు కప్పు అన్నం, రెండు కూరలు, మజ్జిగ తీసుకోవాలి. ఒంటిగంటకు ఆయన పిల్లల స్కూలు ముందు కార్ల వరసలో ఉంటాడు. ఆయన గదిలో పొయ్యి లేదు. మూడింటికి ఇంటి లోపలినుంచి పళ్ళెం వస్తుంది. ఇద్దరికి సరిపడే అన్నం, పైన మాంసం. మిగిల్చి పంపితే వంట బాగాలేదనుకుని ఆ ఇంటి మేడమ్ వంటావిడను మాట అంటుంది. ఆ వంటావిడ మా గోదావరి మనిషే. అందుకని మొత్తం తినేస్తాడు.

మరి నా చార్టులు ఏం చేశారని అడిగాను. ప్రశ్న అడగడం సలహా కిందికి రాదనుకున్నాను.

"గోడకు అంటించినా సార్, ఎనిమిదీ."

ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదన్నాను.

"నువ్వు అడగలా. వచ్చినప్పుడల్లా రాసుకుంటా పోతివి. ఇంత కష్టపడి రాస్తాండాడే, మధ్యలో ఎందుకులే అని నేనూ ఊరకుంటి."

వచ్చే నెల రక్తపరీక్షలో షుగరు తగ్గకపోతే ఇన్సులిన్ మొదలుపెడతానన్నాడట డాక్టరు. సూది వేసుకునేవాడి చేతికి యజమాని బండి ఇస్తాడో లేదోనని ఆయన భయం. క్లినిక్‌కు రావడానికి నెలకు ఒక్క పూటే అనుమతి.

ఆయన ఏం చేయాలో నాకు తెలుసు. అర నిమిషం మాట. సూపర్‌వైజరు గది రెండు గోడల అవతల ఉంది. నేను నోరు మూసుకున్నాను. బయటినుంచి చూస్తే ఓర్పుగా వింటున్నట్టే ఉండి ఉంటుంది. ఫోన్ నంబరు మాత్రం రాసుకున్నాను.

"యల్లా సార్, ఇంక పోతా, మేడమ్ కాచుకోనుంటాది," అని వెళ్ళిపోయాడు.

మరో రెండు రోజులకు లైసెన్సు మెయిల్‌లో వచ్చింది. సూపర్‌వైజరుకు చూపించి, ఆవిడ అనుమతితో మొదట ఆయనకే ఫోన్ చేశాను. పళ్ళెం రాగానే సగం అన్నం డబ్బాలోకి తీసి రాత్రికి ఉంచుకోమన్నాను. ముందు మాంసం, సలాడ్, ఆ తర్వాతే అన్నం. ఒంటిగంటకు కారులోనే గుప్పెడు ఉడికించిన శనగలు, అవి దుకాణంలో డబ్బాల్లో దొరుకుతాయి. పళ్ళెం ఖాళీగానే వెనక్కి వెళ్తుంది, వంటావిడకు మాట రాదు.

ఆయన అంతా విన్నాడు.

"ఇది ముందే చెప్పింటే బాగుండు గదా సార్."

అప్పుడు లైసెన్సు లేదు కదా, ఆరు రోజుల తర్వాత ఇవాళే వచ్చిందన్నాను.

"లేంది ఈ ఆరు దినాలే గదా. అంతకుముందు ఎనిమిది నెలలు ఉండె గదా సార్."

ఉండేది, అన్నాను.