కణుపుల లెక్క

లెక్కల టీచరమ్మ మొండిఘటం. ఆవిడ తరగతి పిల్లలు తలో దేశం నుంచి వచ్చినవాళ్ళు. కూడికలప్పుడు ఒకడు వేళ్ళు ముడుస్తాడు, ఇంకొకడు తెరుస్తాడు, ముందు బెంచీ పిల్ల బొటనవేలితో కణుపులు తాకుతుంది.

అది చూసి హెడ్మాస్టరుకు ఒళ్ళు మండింది. "ఏంటమ్మా ఈ సంత? అందరికీ ఒకే పద్ధతి నేర్పండి!"

"జవాబు ఒకటే వస్తోంది కదండీ. ఇంట్లో నేర్చుకున్నదాని మీదే నేను కొత్త లెక్క కడతాను. వాళ్ళ చేతులు మాత్రం కట్టెయ్యను."

"పైవాళ్ళకి రాస్తాను."

"రాయండి. నన్ను తీసేసేదాకా ఇలాగే చెప్తాను."

ఆయన విసురుగా గుమ్మం దాకా వెళ్ళి, ఇవాళ ఎంతమంది పిల్లలు వచ్చారో లెక్క చూద్దామని వెనక్కి తిరిగాడు. పెదాలు కదులుతున్నాయి. పక్కన వేలాడుతున్న చేతిలో బొటనవేలు ఒక్కో కణుపునే తాకుతూ పోతోంది.

"సార్, మీదీ మా అమ్మ లెక్కేనా?" అంది ముందు బెంచీ పిల్ల సంబరంగా.

టీచరమ్మ నవ్వలేదు. "సారుని కదిలించకండర్రా, లెక్క తప్పుతారు," అంది.