ఓడిన ఆట చూపించమన్న మనిషి

అక్టోబరులో కెనడాలోని ఈ రెజైనా స్టేడియంలో అల్యూమినియం బల్ల మీద కూర్చోగానే చలి జీన్స్‌లోంచి ఎముకల దాకా పాకుతుంది. ఆ చలి తగలగానే నా చేయి ఎడమ పక్కకు పోతుంది. అక్కడ మడతపెట్టిన ఒక పాత కంబళి, దాని మీద సోమయాజులు గారు ఉండాలి. రెండూ లేవు.

ఆయన మా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ బోధించి రిటైరైన ప్రొఫెసర్. చేత్తో బంతి విసిరి ఆడే ఇక్కడి ఫుట్‌బాల్ జట్టుకు కొత్తవాళ్లను ఎంచే కమిటీలో ఇష్టపడి పనిచేసేవారు. డిబేట్ పోటీలు తప్ప మరో ఆట ఎరుగని నాకు పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఆట చూడటం నేర్పారు. ఎక్కడెక్కడి కుర్రాళ్లో తమ గొప్ప త్రోలన్నీ ఏరి, సంగీతం జోడించి వీడియోలు పంపేవారు. ఆయన వాటిని పక్కన పెట్టి ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగించేవారు: చిత్తుగా ఓడిన ఆట ఒకటి, మొదటి నుంచి చివరి దాకా చూపించమని. చాలామంది మళ్లీ జవాబిచ్చేవారు కాదు.

"అదేం న్యాయం అంకుల్? ఎవరైనా తమ బలాన్నే కదా ముందు పెడతారు" అన్నాను ఒకసారి.

"పెట్టనీ తల్లీ, నువ్వు డిబేట్‌లో చేసేదీ అదేగా. కాకపోతే నేను జడ్జిని కాను. వాడితో ఏళ్ల తరబడి కాపురం చేయాల్సినవాణ్ణి."

రెండేళ్ల కిందట పెద్ద యూనివర్సిటీ నుంచి ఈథన్ అనే క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు, ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాడు. సిటీ బస్సుల మీద అతని బొమ్మ వేశారు. అతనొక్కడినే కమిటీ ఓడిన ఆట అడగలేదు. అడిగితే మరో జట్టుకు పోతాడని భయం. సోమయాజులు గారి అభ్యంతరాన్ని నవ్వుతూనే తోసిపుచ్చారు.

సీజన్ సగానికే అతని మీద పెట్టుకున్న ఆశ ఆవిరైంది. సొంత మైదానంలో ఈథన్ బంతిని పదే పదే ప్రత్యర్థుల చేతుల్లోకి విసిరాడు. "ట్రైలర్ సూపర్ రా, సినిమానే అట్టర్ ఫ్లాప్" అన్నారు మా వెనక వరుసలోని తెలుగు కుర్రాళ్లు. అందరం నవ్వాం, ఆయన తప్ప. ఆయన చూపు బంతి మీద లేదు, ఈథన్ మీద ఉంది. తనను కాపాడలేక కిందపడిన ఆటగాడికి ఈథన్ చేయి అందించి లేపుతున్నాడు. తర్వాత, తన స్థానంలో దిగుతున్న కుర్రాడి పక్కన నిలబడి, ప్రత్యర్థులు ఎటు నుంచి మీదికొస్తున్నారో చేత్తో చూపించాడు.

ఆ మరుసటి వారం అతని స్కాలర్‌షిప్ ఆపి పంపించేద్దామని కమిటీ కూర్చుంది. మీటింగ్ అయ్యాక ఆయన్ను ఇంటికి దించడానికి కారు తీసుకెళ్లాను. ఆయన మాటే నిజమైంది. ఇక వాదించడానికి ఏముంటుందనుకున్నాను.

"నేనప్పుడే చెప్పానని అనుంటారు" అన్నాను.

ఆయన సీట్ బెల్ట్ పెట్టుకుంటూ, "లేదమ్మా, ఉంచుకుందామన్నాను" అన్నారు.

"అదేంటి అంకుల్, మీ రూలే కదా గెలిచింది?"

"ఓడిన ఆట చూపించమన్నది మనం. ఇన్నాళ్లకు చూపించాడు. చూశాక పంపించేస్తే, ఇక అడగడం దేనికి?"

ఆ మాటనే నెమరేసుకుంటూ కారు స్టార్ట్ చేశాను. కమిటీ చివరికి ఈథన్‌ను ఉంచుకుంది. అతని తర్వాతి సీజన్ చూడటానికి మాత్రం సోమయాజులు గారు ఉండలేదు. ఆ చలికాలమే గుండె ఆగి వెళ్లిపోయారు.

ఈథన్ బస్సు మీది వీరుడు కాలేకపోయాడు. జట్టు నమ్ముకునే మనిషయ్యాడు. మా డిబేట్ జట్టులో చేరతామని వచ్చేవాళ్లను ఇప్పుడు నేనూ ఓడిన వాదం ఒకటి వినిపించమంటాను. వినిపించినవాళ్లను తేలిగ్గా వదులుకోలేను.

ఇందాక ఈథన్ మళ్లీ బంతి పోగొట్టుకున్నాడు. స్టేడియం అంతా ఉసూరుమంది. నేను బంతి వెంట చూడలేదు. కిందపడినవాడికి అతను చేయి అందిస్తున్నాడు. "చూశారా అంకుల్" అంటూ ఎడమ పక్కకు తిరిగాను.