కోడిపిల్లలకు గోరువెచ్చని నీళ్ళు

ఈ ఉదయం భవానీపురంలో మా ఇంటి గీజరు మొరాయించింది. కుళాయి కింద పెట్టిన చెయ్యి జివ్వుమనగానే, మైలవరం దగ్గర అన్నయ్య కోళ్ళ షెడ్డులో గడిపిన ఒక చలికాలం గుర్తొచ్చింది. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఆయన ఆ షెడ్డు వేశాడు. కోళ్ళు ఆయనవి, చాకిరీ వదినది. ఆ ఏడు, పుట్టి ఒక్కరోజైన కోడిపిల్లలు వ్యానులో దిగిన మర్నాడే ఆయనకు జ్వరం తగిలింది. వదినకు సాయంగా నేను వెళ్ళాను.

పొద్దున్నే మంచులో షెడ్డు పరదా ఎత్తితే, పిల్లలన్నీ వెచ్చదనానికి పెట్టిన బల్బుల కింద ఒకదాని మీద ఒకటెక్కి ముద్దయిపోయి ఉన్నాయి. నీళ్ళ గిన్నెల వైపు ఒక్కటీ రావడం లేదు. నీళ్ళు తాగనివి మేతా ముట్టడం లేదు. ఊకలో అక్కడక్కడ కదలనివి కొన్ని. వదిన వాటిని ఏరి తట్టలో వేసి, గిన్నెలో చెయ్యి ముంచి చటుక్కున తీసేసింది.

"రాత్రంతా మంచులో ఉన్న ట్యాంకు నీళ్ళమ్మాయ్. మనమే పుక్కిలించలేం, గుప్పెడంత ప్రాణాలు ఇవెట్టా తాగుతాయి?"

పెరట్లో మూడు రాళ్ళు పెట్టి గంగాళంతో నీళ్ళు కాచింది. మొదటి విడత వేడెక్కువై, పిల్లలు ముక్కు తగిలించి వెనక్కి నడిచాయి. రెండోసారి, పసిబిడ్డ స్నానానికి చూసినట్టు మోచెయ్యి ముంచి చూసి, చన్నీళ్ళు కలిపి పోసింది. ఒక్కోదాన్నీ పట్టుకుని ముక్కు తడిపాం. ఒకటి గుక్క తాగి తల పైకెత్తింది. దాన్ని చూసి ఇంకోటి. మంచం మీంచి అన్నయ్య, "కాస్త కాఫీపొడి కూడా వెయ్యరాదూ!" అని మూలిగాడు. వదిన నవ్వలేదు. నవ్వడానికీ ఓపిక కావాలి.

గిన్నెల్లో నీళ్ళు ఇట్టే చల్లారిపోయేవి. పారబొయ్యడం, కడగడం, కాచడం, మొయ్యడం. మూడు రోజులు అదే పని. చచ్చేవి మొదట తట్టెడు, తర్వాత నాలుగైదు, నాలుగో రోజు ఒక్కటీ లేదు. ఆ మధ్యాహ్నం వదిన షెడ్డు గుమ్మంలో కూలబడి, దగ్గుతూనే చెంబెడు చన్నీళ్ళు గటగటా తాగేసింది.

"గంగాళంలో వేణ్ణీళ్ళున్నాయిగా వదినా?"

"అవి పిల్లలకి. నాకెందుకులే."

నేనూ లేచి తెచ్చివ్వలేదు. నాకూ కాళ్ళు లాగుతున్నాయి.

నలభై రోజులు తిరక్కుండానే అవన్నీ ఏపుగా పెరిగి లారీ ఎక్కాయి. వదిన గేటు దాకా వెళ్ళి, తిరిగొచ్చి పరదాలు ఉతకడానికి కూర్చుంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు షెడ్డు మూసేశారు. మొన్నామధ్య ఆ మాట కదిపితే ఆవిడకు ఆ చలికాలం గుర్తే లేదు. "ఏ బ్యాచో అమ్మాయ్, అన్నీ అంతేగా" అంది.

చాకిరీ చేసినవాళ్ళు మరిచిపోయిన రోజుల్ని, చూస్తూ కూర్చున్నవాళ్ళకు అప్పగించి తన దారిన తాను పోతుంది కాలం.