చందా కట్టిన ఇంటికి జాజు బొట్టు

మొన్న మా గేటు పక్క స్తంభానికి పాత సున్నం గీకించి కొత్త రంగు వేయిద్దామని పనివాణ్ణి పిలిస్తే, నాలుగు పొరల కింద నుంచి రూపాయి బిళ్ళంత ఎర్రబొట్టు బయటపడింది. అతను దాన్ని కూడా గీకబోతుంటే నేను వేసిన కేకకు పాపం చేతిలోని రేకు కింద పడేసుకున్నాడు. అరవై దాటిన మనిషివి, ఒక బొట్టు కోసం అంత అరుపు ఎందుకమ్మా అని మీరడగవచ్చు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో చంపాపేట, కొత్తపేటల్లో కాపురం చేసినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు నా కంగారు కొంతైనా అర్థమవుతుంది.

చంపాపేటలో మా గల్లీకి అప్పట్లో సొంత టీవీ పట్టిక ఉండేది. కేబుల్ అతను చానెళ్ళు కుప్పలుగా ఇచ్చాడు గాని ఎందులో ఎప్పుడు ఏమొస్తుందో చెప్పే దిక్కు లేదు, పేపర్లో వేసేది నాలుగైదింటికే, అందుకని ఆడవాళ్ళమే ఇంటికో చానెల్ చొప్పున పంచుకున్నాం. ఎవరి చానెల్ వాళ్ళు చూసి, రాబోయే వారం ఏ సినిమా ఎప్పుడో, ఏ సీరియల్ వేళ మారిందో చీటీ రాసి శనివారం నాకు ఇచ్చేవారు. నేను అన్నీ ఒక కాగితం మీదికి ఎక్కిస్తే, ఎదురింటి వదిన దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో తిరగరాసి కొత్తపేటలో జిరాక్స్ తీయించేది, ఎందుకంటే నావి కోడిగీతలు. ఆ ఖర్చుకు ఇంటికి ఏడాదికి అరవై రూపాయలు చందా, దసరాకు కట్టాలి, కట్టనివాళ్ళకు పట్టిక లేదు. వసూలు పని మాత్రం నాదే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్త అనేది, ఎవరి గడపైనా మొహమాటం లేకుండా తొక్కుతానని గల్లీ అంతా అనేది.

వదిన వాళ్ళది గోదావరి వైపు, ఆమె భర్త దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవారు. మాది నల్లగొండ దగ్గర పల్లె, మా ఆయన ఆర్టీసీ డ్రైవర్. వాళ్ళు ఎదురింట్లో దిగిన మొదటి రోజే నేను ఆమెను నువ్వు అన్నానని ఆరు నెలలు ముభావంగా ఉందట, మా వైపు నువ్వు అంటేనే దగ్గరితనమని తెలిశాక తనలో తనే నవ్వుకుందట. తను మాత్రం చివరిదాకా నన్ను మీరు అనే అంది. అప్పటికి పదకొండేళ్ళు, మా రెండిళ్ళ మధ్య తిరిగిన కూరగిన్నె ఒక్కనాడూ ఖాళీగా వెనక్కి పోలేదు.

ఇక బొట్టు పెట్టిన ఏడాది సంగతి. ఉద్యమం ముదిరి పెద్ద సమ్మె వచ్చింది. పట్టికలో సగం గడులు చర్చ, చర్చ, మళ్ళీ చర్చ అని నిండేవి, కింద కరెంటు కోతల వేళలు కూడా రాసేవాళ్ళం. మా ఆయన బస్సు డిపోలో నిలబడిపోయింది, పక్కింటి టీచరన్న బడి మూతబడింది, గల్లీలో మావైపు వాళ్ళవి ఆరు ఇళ్ళు, ఒక్క ఇంటికీ జీతం లేదు. మా ఇంట్లో ఆ దసరాకు చేసిన పిండివంట ఒక్కటే, అదీ నూనె చూసుకుంటూ. తెలంగాణ వస్తుందన్న ఆశ ఒక పక్క, రేపటి బియ్యం మాటేమిటన్న బెంగ ఒక పక్క.

అలాంటప్పుడు ఆ ఆరిళ్ళకు వెళ్ళి చందా ఎలా అడగను? నాకు ఆ ఏడాది మోకాళ్ళ నొప్పులు పట్టుకోవడంతో పట్టికలు పంచే పని పాల ప్యాకెట్లు వేసే ఆమెకు అప్పగించాను. ఆమెకు అక్షరాలు రావు గనుక, చందా కట్టిన ఇంటి స్తంభానికి చిన్న బొట్టు పెడతాను, బొట్టున్న చోట కాగితం వెయ్యి, ఈ సంగతి ఎవరితోనూ అనకు అన్నాను. బతుకమ్మ పండగకని గడపలకు పూయడానికి నానబెట్టిన ఎర్రమట్టి, మా వైపు జాజు అంటాం, గిన్నెలో ఇంకా మిగిలి ఉంది. మధ్యాహ్నం గల్లీ అంతా కునుకు తీస్తుంటే వెళ్ళి చందా కట్టిన తొమ్మిది ఇళ్ళకు బొట్లు పెట్టి వచ్చాను. కట్టలేని ఇళ్ళకు కార్బన్ కాగితం పెట్టి నా కోడిగీతలతోనే పట్టిక రాసి కొంగుచాటున అందించాను. ఈ సంగతి వదినకు కూడా చెప్పలేదు. చెబితే జీతాల్లేని ఇళ్ళ గుట్టు బయటపడుతుంది, అందులో మొదటి ఇల్లు మాదే. ఎంతో తెలివైన పని చేశాననుకుని లోలోపల మురిశాను కూడా.

రాబడి ఆగనిది ప్రైవేటు కొలువుల వాళ్ళకు, వ్యాపారాల వాళ్ళకు. మా గల్లీలో అంటే కోస్తా వాళ్ళకు. తొమ్మిది బొట్లూ వాళ్ళ ఇళ్ళకే పడ్డాయన్న సంగతి నా మట్టిబుర్రకు తట్టనే లేదు.

వారం తిరిగేసరికి గల్లీ మారిపోయింది. ఆ ఇళ్ళ కిటికీలు పగలే మూసుకున్నాయి, పిల్లలు ఆటలకు రావడం మానేశారు. వదిన కూరగిన్నె తిరిగి పంపలేదు, శనివారం పట్టిక తిరగరాసి పాలామె చేతికిచ్చి పంపింది. మా ఆయన ఎల్బీనగర్ చౌరస్తాలో ధర్నాకు కూర్చుంటున్నాడని మమ్మల్ని దూరం పెట్టింది కాబోలనుకున్నాను. పదకొండేళ్ళ స్నేహం ఇంతేనా అని నాకు ఒళ్ళు మండింది. పిలిస్తే పలుకుతాను, నేనైతే ముందు వెళ్ళను అని బిగుసుకుని కూర్చున్నాను.

ఒకరోజు పొద్దున్నే ఎదురింటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. పెట్టెలు, కుట్టుమిషను, దుప్పటి చుట్టిన టీవీ ఎక్కుతున్నాయి. వదిన ఒక్కసారి కూడా మా వైపు చూడలేదు. నేను వరండాలో నిలబడి పళ్ళు నూరుకుంటుంటే పాలామె దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

“గా ఎర్రబొట్లు ఆంధ్రోళ్ళ ఇండ్లకు గుర్తులటమ్మా. బొట్టు జూసి రాళ్ళేస్తరట. వాళ్ళంత పరేషాన్ల ఉన్నరు. పెట్టింది నువ్వని నాకెరుకే గని, నేను నోరిప్పలే.”

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. లోపలికి పరుగెత్తి మా ఆయనకు చెప్పాను. “ఇప్పుడు బయటికి పోకు. ఇటు మనోళ్ళు తిడతరు, అటు వాళ్ళు నమ్మరు,” అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. మూల మీద కుర్రాళ్ళు గుంపుగా నిలబడి ఆటో వైపే చూస్తున్నారు, ఎవరు ఏ మాట తూలినా ఆ ఉదయం ఏమైనా జరిగేది. కాని ఆటో అతను తాడు బిగిస్తున్నాడు, అది బిగిస్తే వదిన వెళ్ళిపోతుంది, వెళ్ళిపోతే నా గురించి ఏమనుకుని వెళ్ళిపోతుందో అదే జన్మంతా నిలిచిపోతుంది.

జాజు గిన్నె, ఆ వారం ఇంకా పంచని కార్బన్ పట్టికలు పట్టుకుని గల్లీ నడిమధ్య నిలబడ్డాను.

“గా బొట్లు పెట్టింది నేనే!” అని అరిచాను. “టీవీ పట్టిక చందా కట్టినోళ్ళకు పెట్టిన. కట్టనోళ్ళకు పెట్టలే. మా ఇంటికి గూడ పెట్టలే, ఎందుకంటే మేం కట్టలే, మా ఇంట్ల పైసల్లేవు!”

పక్కింటి టీచరన్న గేటు దాకా వచ్చి, “మా ఇజ్జత్ గూడ బజార్ల పెడతవా చెల్లే?” అన్నాడు, ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు సిగ్గుతో తల వాలిపోయింది. చివరింటి కోస్తా పెద్దాయన, “ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?” అని నిలదీశారు. మూల మీది కుర్రాళ్ళు నాలుగడుగులు ముందుకు వేశారు. నేను కార్బన్ పట్టికలు చాపాను.

వదిన వచ్చి ఒకటి తీసుకుంది. నా కోడిగీతలు ఆమెకు తెలియనివా, పదకొండేళ్ళుగా వాటినే తిరగరాస్తోంది. పైనుంచి కిందిదాకా చదివింది. వెనక నుంచి ఆమె భర్త, “ఇక బయల్దేరదామా?” అన్నారు. వదిన నా చేతిలోని గిన్నె తీసుకుని, మా గేటు దగ్గరికి నడిచి, వేలు ముంచి మా స్తంభానికి బొట్టు పెట్టింది.

“మీ చందా నేను కట్టాను వదినగారూ. ఇప్పుడు మీదీ బొట్టున్న ఇల్లే.”

నిన్నెవరడిగారు అన్న మాట నా నోటిదాకా వచ్చి ఏడుపుగా మారింది. టీచరన్న ముందుకొచ్చి, “నాకూ పెట్టమ్మా, పైసలు జీతం వచ్చినంక ఇస్త,” అన్నాడు. మధ్యాహ్నానికి గల్లీలో బొట్టు లేని స్తంభం లేదు. సామాను దింపినందుకు ఆటో అతను మాత్రం చాలాసేపు సణిగాడు.

మరో పది రోజులకు పట్టిక రాయడానికి కూర్చున్నప్పుడు వదిన తల ఎత్తకుండానే ఒక మాట అంది. “ఈ గల్లీలో జాజు నానేది మీ ఇంట్లో ఒక్కచోటే కదా. నేను గుర్తు చూసి భయపడలేదు. పెట్టింది మీరని తెలిసి భయపడ్డాను.”

తర్వాత తెలంగాణ వచ్చింది, వదిన వాళ్ళు అల్మాస్‌గూడలో సొంత ఫ్లాటు కొనుక్కుని వెళ్ళారు, టీవీలకు సెట్‌టాప్ బాక్సులు వచ్చాక మా పట్టిక ఆగిపోయింది. ఇప్పుడు మీట నొక్కితే ఏ చానెల్లో ఏముందో టీవీయే చెబుతుంది, డబ్బులు మా అమ్మాయి ఫోన్లోంచి కడుతుంది, చందా కోసం ఎవరూ మా గడప తొక్కరు. కట్టలేకపోతే చానెళ్ళు ఆగిపోతాయి, అంతే, కార్బన్ పెట్టి రాసిచ్చేవాళ్ళు లేరు.

బొట్టు వదిలేసి చుట్టూ రంగు వేయమని పనివాడికి చెప్పాను. అతను వెళ్ళాక దాని మీద వేలు పెట్టి నిలబడ్డాను. ఊళ్ళో ఎవరి గడపైనా తొక్కగల మనిషినని పేరు మోసిన నేను, ఆ వారమంతా ఎదురింటి గడప ఒక్కటి తొక్కి ఏమైంది వదినె అని అడగలేకపోయాను. నన్ను చూసి భయపడ్డ మనిషే గల్లీ దాటి వచ్చి ఈ బొట్టు పెట్టింది.