కదలకుండా నిలబడ్డ జెట్టు

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక వీడియో చూపించింది. యుద్ధవిమానం ఒకటి మబ్బుల మీద పోతోంది. పోతోంది అనడమే గానీ, తెర మధ్యలో అది ఉన్నచోటే ఉంది. కింద మబ్బులే వెనక్కి జారిపోతున్నాయి. "ఇది తీసినవాళ్లు ఎక్కడ నిలబడ్డారు తాతా?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. అరవైల చివర్లో నరసన్నపేటలో మా మామగారికి వచ్చిన సందేహమే ఇది. కాకపోతే ఆయన అడగలేదు, దెబ్బలాడారు.

మామగారికి బజారులో ఫొటో స్టూడియో ఉండేది. కుర్చీలో కూర్చున్న మనిషి గడ్డం పట్టుకుని మొహం సర్ది, "కదలకండి" అన్నారంటే చంటిపిల్లలు కూడా ఊపిరి బిగబట్టేవారు. ఆయన చేతిలో ఇంకో విద్య కూడా ఉంది. మొగుడు పోయిన ఇల్లాలు తన ఫొటో, ఆయన పాత ఫొటో తెచ్చి ఇస్తే, కత్తిరించి, అతికించి, అతుకు మీద సన్నటి కుంచెతో రంగు అద్ది, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టేసేవారు. చుట్టుపక్కల ఊళ్ల గోడల మీద అలాంటి దంపతులు చాలామందే ఉండేవారు.

మా బావమరిది ఆ స్టూడియోలోనే పని నేర్చుకుని, వైమానిక దళంలో ఫొటోలు తీసే ఉద్యోగంలో చేరాడు. నా పెళ్లయిన ఏడాది సెలవుకి వచ్చి, ఒక ఫొటో తండ్రి చేతిలో పెట్టాడు. ఆకాశంలో ఫైటర్ జెట్టు. రెక్కల మీది మేకులు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. "మన గాజుబీరువాలో పెట్టు నాన్నా" అన్నాడు. స్టూడియో గుమ్మం పక్కన ఉండే ఆ బీరువాలోకి మామగారు మెచ్చిన ఫొటోలే ఎక్కేవి. కొడుకు తీసింది అప్పటిదాకా ఒక్కటీ ఎక్కలేదు.

ఆయన భూతద్దం పెట్టి తిప్పితిప్పి చూశారు. "ఒరే, ఇది అతుకు. ఊరేగింపులో గుర్రం తలాడిస్తేనే నాకు బొమ్మ మసక పడిపోతాది. గాల్లో అంత జోరుగా పోయీది ఇలాగ ఎలాగ నిలబడిపోనాదిరా? కదలొద్దని దానికి ఎవులు సెప్పారు?"

బావమరిది మొహం చిన్నబోయింది. ఫొటో బాగోలేదని తండ్రి అంటే ఊరుకునేవాడే, అబద్ధం అన్నారు. అత్తగారికి మాత్రం ఇవేమీ పట్టలేదు. "అంత ఎత్తున సలెయ్యదేట్రా?" అని అడిగారు. వాడు మెల్లగా చెప్పడం మొదలెట్టాడు. రెండు సీట్ల జెట్టులో వెనక కూర్చుంటాడట. మలుపు తిరిగితే చేతిలో కెమెరా రుబ్బురోలంత బరువెక్కుతుందట. మామగారు పేపరు చాటునుంచి అంతా వింటూనే ఉన్నారు. పేజీ ఒక్కసారి కూడా తిప్పలేదు.

"మేమూ దాని పక్కనే, దానంత జోరుగానే పోతాం నాన్నా. అప్పుడది మాకు కదల్నట్టే ఉంటాది" అన్నాడు వాడు.

"మాటలు సెప్పకు. సూపించు."

మర్నాడు పొద్దున్నే రెండు సైకిళ్లు పెద్ద రోడ్డెక్కాయి. ఒకటి వాడిది. రెండోది నేను తొక్కాలి, మామగారు వెనక క్యారియర్ మీద రెండు కాళ్లూ ఒకేవైపు వేసుకుని, వాడివైపు తిరిగి, బాక్సు కెమెరా పట్టుకుని కూర్చోవాలి. "కొత్తల్లుడి సేత మోయిస్తావేటి? నలుగురూ ఏటనుకుంటారు?" అని అత్తగారు అడ్డం పడ్డా ఎవరూ వినలేదు. మామగారు తేలికైన మనిషి కారు. నేను ముందుకెళితే "నెమ్మది బాబూ", వెనకబడితే "తొక్కు బాబూ". నా పిక్కలు పట్టేశాయి. చివరికి రెండు సైకిళ్లూ సమంగా వచ్చాయి. ప్రాణం పెట్టి తొక్కుతున్న కొడుకు మీద మామగారు అలవాటుకొద్దీ గట్టిగా అరిచారు: "కదలకురా!"

ఊడ్పుల్లో ఉన్న ఆడవాళ్లు నడుములెత్తి మరీ చూశారు.

ఆ మధ్యాహ్నమే స్టూడియో చీకటిగదిలో ఎర్రబల్బు కింద, మందునీళ్లలో కాగితం మీద బొమ్మ తేలింది. తాటిచెట్లూ పొలాలూ అలికేసినట్టు గీతలైపోయాయి. మధ్యలో మా బావమరిది మాత్రం చొక్కా గుండీలతో సహా నిలిచి ఉన్నాడు. మామగారు భూతద్దం పెట్టి ఆ గుండీలు ఒక్కొక్కటే లెక్కపెట్టారు. తర్వాత, "కదలొద్దన్నాను. సూడు, కదల్నేదు" అన్నారు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వెళ్లి, గాజుబీరువా తెరిచి, జెట్టు ఫొటో నడిమధ్యన పెట్టారు. సెలవైపోయి ఆమదాలవలసలో రైలెక్కడానికి బయల్దేరిన రోజున బావమరిది బజార్లో బండి ఆపించి దిగాడు. ఆ గాజుబీరువా ముందు వాడు నిలబడిన తీరు చూసి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇప్పుడు మామగారు లేరు, బావమరిదీ లేడు. "పక్కనే, దానంత జోరుగానే పోతూ తీశారమ్మా" అని మనవరాలికి చెప్పాను. పక్కపక్కన సమంగా పోతున్నన్నాళ్లూ మనవాళ్లు ఉన్నచోటే ఉన్నారనుకుంటాం. వెనక్కి పోతున్నవి తాటిచెట్లే అనుకుంటాం.